వైడెన్‌బాఖ్ పుస్తకంలో ఒక పేజీ

మార్చి 7, శనివారం

పుస్తకం ఫ్రీజర్‌లోంచి వచ్చింది. నిజంగానే. ఊరి ఫైర్ స్టేషన్ ఫ్రీజర్‌లో, జింక మాంసం సాసేజ్‌ల పక్కన, ప్లాస్టిక్ సంచిలో నెల రోజులు ఉంచారట... పురుగులు చచ్చిపోతాయని. వాల్టర్ రెండు చేతులతో పసిబిడ్డను అందించినట్టు అందించాడు. "జాగ్రత్త, మేడమ్. ఇందులో మావాళ్ళంతా ఉన్నారు."

వైడెన్‌బాఖ్ పాటల సంఘం మినిట్స్. నల్ల అట్ట. పాతకాలపు జర్మన్ గొలుసుకట్టు రాత. జర్మనీ నుంచి వచ్చిన రైతులు కట్టుకున్న ఊరు, కానీ ఇవాళ ఊళ్ళో ఒక్కరికీ ఆ రాత చదవడం రాదు. ఊరి జూబిలీకి చరిత్ర పుస్తకం వేస్తున్నారు, కమిటీకి వాల్టరే పెద్ద. చదివే మనిషి కోసం టెక్సాస్ అంతా వెతికితే దొరికింది ఎవరయ్యా అంటే... రెండున్నర గంటల దూరంలో, ఇర్వింగ్ అపార్ట్‌మెంట్‌లో, హైదరాబాద్‌లో ఇరవై రెండేళ్ళు జర్మన్ పాఠాలు చెప్పి వచ్చిన తెలుగావిడ. నేను.

కిందటి వారమే ఇండియన్ స్టోర్‌లో ఒకావిడ అడిగింది, "జర్మనా? ఇక్కడ అది దేనికి పనికొస్తుందండీ?"

దీనికి.

మార్చి 8

మా ఆయన మూర్తిగారి వ్యాఖ్య: "శని, ఆదివారాలు అందరూ గ్రోసరీకి పోతారు. నువ్వు ఎవరి ముత్తాతల దగ్గరికో పోతున్నావు."

పోతాను. నా డ్రైవింగ్, నా ఇష్టం.

మార్చి 21, శనివారం

ఎల్‌ఫ్రీడా ఇంట్లో పని. తొంభై నాలుగేళ్ళు. చెక్క వరండా, రెండు పిల్లులు, స్టవ్ మీద ఎప్పుడూ కాఫీ. ఊళ్ళో జర్మన్ ధారాళంగా మాట్లాడేది ఇక ఈవిడ ఒక్కతే. కానీ ఆ రాత చదవడం రాదు. ఆవిడ పుట్టక ముందే బడిలో జర్మన్ ఆపేశారు.

మినిట్స్‌లో దస్తూరీ ఆవిడ తండ్రిది. ఓటో, పాటల సంఘం సెక్రటరీ. అక్షరాల మీద వేలు పెట్టి అలా చాలాసేపు ఉంచింది. "నాన్న చెయ్యి," అంది.

పైన విమానం పోతుంటే నేను పుస్తకాల్లోని జర్మన్ మాట అన్నాను. ఒకటే నవ్వు. ఇక్కడివాళ్ళు దాన్ని "గాలి ఓడ" అంటారు. నూట యాభై ఏళ్ళుగా పత్తి చేలలో ఎండి, వానలో నాని, తన దారిన తాను పెరిగిన భాష. నాది బ్లాక్‌బోర్డు భాష అని తేల్చేసింది. ఒప్పుకోలేదు. కాసేపు పోట్లాడుకున్నాం... హాయిగా ఉంది.

చదివి వినిపించాను. బురద బూట్లతో డాన్స్ హాల్‌కి వచ్చినవాడికి జరిమానా. వానల్లేక వసంతోత్సవం రద్దు. ఆదివారం బీరు పీపా తెరవచ్చా లేదా అని పాస్టర్‌తో మూడు మీటింగుల గొడవ. ఎల్‌ఫ్రీడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

తర్వాత ఉన్నట్టుండి, "నాన్న పాడగా నేను ఒక్కసారీ వినలేదు."

పాటల సంఘం సెక్రటరీ కదా!

"హాల్‌లో అడుగు పెట్టేవాడు కాదు. మమ్మల్ని గుమ్మం దగ్గర దింపి బండిలోనే కూచునేవాడు. ఎందుకని అడిగితే అమ్మ ఊరుకోమనేది."

మార్చి 22

వాల్టర్ మ్యూజియం చూపించాడు. అది ఒకప్పటి పంతులుగారి ఇల్లు. రెండు గదులు, ఒక హార్మోనియం, పిల్లల పలకలు. గోడ మీద బోర్డు: మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో బయటి ఊరి గుంపు ఒకటి వచ్చి, బడిలోని జర్మన్ పుస్తకాలు తగలబెట్టి, పంతులు క్రూగర్‌ను పట్టుకుపోయింది.

ఊళ్ళో పిల్లలందరికీ ఇది కంఠతా వచ్చు. వాల్టర్ చెబుతూ కళ్ళు ఒత్తుకున్నాడు. డెబ్భై దాటిన మనిషి, బడిలో ఫుట్‌బాల్ కోచ్‌గా రిటైరయ్యాడు. పోయినసారి నా కారు టైరు పంక్చరైతే ఎండలో మోకాళ్ళ మీద కూచుని మార్చాడు. వచ్చేటప్పుడు పీచ్ జామ్ సీసా ఇచ్చాడు.

నాకూ కళ్ళు చెమర్చాయి. రాసుకోవాలి ఇది. ఆ బోర్డు చదివి నేనూ ఏడ్చాను.

ఏప్రిల్ 3

పొద్దున పదింటికి, డైనింగ్ టేబుల్ మీద, భూతద్దంతో. నాలుగుసార్లు చదివాను.

గుంపు లేదు. బయటి ఊరు లేదు.

పాటల సంఘం ప్రత్యేక సమావేశం. జర్మనీతో యుద్ధం కనుక దేశద్రోహుల పేర్లు ఇమ్మని షెరీఫ్ కబురు పెట్టాడు. ఎవరో ఒకరి పేరు ఇస్తే మిగతా ఊరు నిమ్మళంగా ఉంటుందని ఆగస్ట్ అనే సభ్యుడి ప్రతిపాదన. పంతులు అయితే మేలు, అతనికి ఇక్కడ పొలం లేదు, బంధువులు లేరు. అందరూ చేతులెత్తారు. బడి పుస్తకాలు కూడా మనమే మోసుకెళ్ళి హాల్ వెనక తగలబెడదాం, చూసినవాళ్ళకి నమ్మకం కుదురుతుంది. దానికీ చేతులెత్తారు. పేర్లు వరసగా.

ఆగస్ట్ అంటే వాల్టర్ తాత.

వరస అయిపోయాక కొంచెం జాగా. తర్వాత వేరే సిరాతో, అదే దస్తూరీ: "నేను కూడా. ఓటో."

పేజీ తిప్పితే తర్వాతి మీటింగ్. హాల్‌కి కొత్త పొయ్యి కావాలా వద్దా అని చర్చ.

ఏప్రిల్ 4

వైడెన్‌బాఖ్ వెళ్ళలేదు. మూర్తిగారికి చెప్పాను.

"నూరేళ్ళ కిందటి గొడవ. వాళ్ళ ఊరు, వాళ్ళ తాతలు. మధ్యలో నీకెందుకు?"

"నేను చదివాను కాబట్టి."

"చదివి ఊరుకోవచ్చుగా. నువ్వు మాత్రం ఎప్పుడూ ఊరుకోలేదా?"

ఆయన మామూలుగానే అన్నారు. రజియా సంగతి ఆయనకి గుర్తు లేదు. నాకుంది. హైదరాబాద్‌లో నేను పాఠాలు చెప్పిన ఇన్‌స్టిట్యూట్‌లో నాకంటే చిన్నది, నాకంటే బాగా చెప్పేది. ఆమె మీద ఎవరో ఫిర్యాదు రాశారు, అది అబద్ధమని స్టాఫ్ రూమ్ మొత్తానికి తెలుసు. కాగితం బల్లల మీదుగా నా దాకా వచ్చింది. అందరూ సంతకం పెట్టారు. నాకు పిల్ల చదువు, ఇల్లు, ప్రమోషన్... కారణాలు బోలెడు. ఇప్పుడు ఒక్కటీ పనికి రావడం లేదు.

పెట్టాను. నేను కూడా.

ఓటో కనీసం రాసిపెట్టాడు.

ఏప్రిల్ 11, శనివారం

ముందు ఎల్‌ఫ్రీడాకే చెప్పాలి. ఆవిడ తండ్రి, ఆవిడ హక్కు.

చదివాను. మధ్యలో ఆపబోతే చెయ్యి విదిలించింది... కానివ్వు అని. "నేను కూడా" దాకా చదివేశాను. వంటింట్లో కాఫీ పొంగి పొయ్యి మీద పడుతున్నా ఇద్దరం లేవలేదు.

అప్పుడు అంది: "అందుకన్నమాట, బండిలో కూచునేవాడు."

ఏడుస్తుందనుకున్నాను. కోపం వచ్చింది ఆవిడకి. తండ్రి మీద, ఊరి మీద, మ్యూజియం చందాల కోసం ఆ అబద్ధం బోర్డు కింద అరవై ఏళ్ళు తను అమ్మిన కేకుల మీద. "పుస్తకంలో ఉండాలి ఇది. మా నాన్న పేరుతో సహా."

అక్కణ్ణించి తిన్నగా వాల్టర్ దగ్గరికి. షెడ్‌లో ట్రాక్టర్ బాగు చేసుకుంటున్నాడు. ఆ పేజీకి నేను రాసిన ఇంగ్లీషు అనువాదం చేతికిచ్చాను. నిలబడే చదివి, మడిచి, వెనక్కి ఇచ్చేశాడు.

"మీరు చదవడంలో పొరపాటు ఉండొచ్చు."

"లేదు."

"ఒక్క పేజీ, మేడమ్. మొత్తం పుస్తకంలో ఒక్క పేజీ. మీరు మాకు గెస్ట్."

"గెస్ట్‌ని కాదు వాల్టర్. మీరు అడిగితే మీ పుస్తకం చదవడానికి వచ్చిన మనిషిని. పేజీలు ఏరుకుని చదవడం నాకు రాదు."

 చేతుల గ్రీజు తుడుచుకుంటూనే ఉన్నాడు.

ఏప్రిల్ 14

వర్జీనియాలోని హెర్న్‌డన్ నుంచి మా అమ్మాయి నిత్య ఫోన్. మాటతీరు ఇక్కడిదే అయిపోయింది, అమ్మ మీద బెంగ మాత్రం అచ్చం మా అమ్మ బెంగే.

"అమ్మా, దే విల్ హేట్ యూ. నువ్వు ఆ ప్లేస్ లైక్ చేస్తావు కదా?"

"చేస్తాను."

"దెన్ వై?"

"లైక్ చేస్తాను కాబట్టి."

అటు నుంచి నిట్టూర్పు. "ఓకే. కార్‌లో చార్జర్ పెట్టుకో. లొకేషన్ ఆన్ చేసి ఉంచు."

ఏప్రిల్ 18, శనివారం

కమిటీ తేల్చింది. పేజీ ఉండదు. మినిట్స్ పుస్తకం వెనక్కి తీసేసుకున్నారు. దాని బదులు చరిత్ర పుస్తకం మొదటి పేజీలో నా పేరు ఉంటుందట, పెద్ద అక్షరాల్లో, కృతజ్ఞతలతో.

తీసేయండి అన్నాను. పేజీ లేని పుస్తకంలో నా పేరు ఉండకూడదు.

గదిలో ఆరుగురు. ఒక్కరూ నా మొహం వంక చూడలేదు. ఒకాయన మాత్రం గొణిగాడు: "ఇండియాలో ఇలాంటివి జరగవా?"

"జరుగుతాయి. నేనే సంతకం పెట్టాను ఒకసారి. కావాలంటే అది కూడా అచ్చు వేయండి."

బయటికి వచ్చేశాను. కార్‌లో ఏసీ వేసుకుని పది నిమిషాలు కూచున్నాను. అయినా చెప్పింది చెప్పినట్టే.

ఏప్రిల్ 20

ఎల్‌ఫ్రీడా ఫోన్. జూబిలీ భోజనంలో ఊరి పెద్ద వయసు మనిషి రెండు మాటలు చెప్పడం ఆనవాయితీ. ఈసారి ఆవిడే. "నా వంతు నీకిస్తున్నా. ఎవరు కాదంటారో చూస్తాను."

ఆ పేజీ చూసి నేను రాసుకున్న కాపీ నా దగ్గరుంది. మూర్తిగారు ఏమీ అడక్కుండానే నీలం చొక్కా ఇస్త్రీకి ఇచ్చి వచ్చారు. తనూ వస్తున్నారన్నమాట.

ఏప్రిల్ 25, శనివారం

రాసేద్దాం, వరసగా.

మధ్యాహ్నం. హాల్ నిండా జనం, పొడుగాటి బల్లలు, సాసేజ్, ఊరబెట్టిన క్యాబేజీ, పీచ్ పై. శాకాహారి మూర్తిగారు తినగలిగినవి బంగాళాదుంపల సలాడ్, బ్రెడ్. ఫిర్యాదు చేయలేదు. బ్రాస్ బ్యాండ్ ఆగింది. ఎల్‌ఫ్రీడా వాకర్ పట్టుకుని మైకు దాకా వచ్చి ఇంగ్లీషులో అంది: "ఈ రాత చదవడం నాకు రాదు. ఈవిడ నా కళ్ళు. మా నాన్న రాసింది చదువుతుంది."

ముందు జర్మన్‌లో చదివాను. ఆ హాల్‌లో ఆ భాష అంత గట్టిగా వినబడి ఎన్నాళ్ళయిందో... ముసలివాళ్ళు కొందరు మొదటి వాక్యానికే తలెత్తారు. తర్వాత ఇంగ్లీషులో.

ఆగస్ట్ పేరు దగ్గర వాల్టర్ లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. వెళ్ళిపోయాడు. వెనకే రెండు బల్లలవాళ్ళు. ఎవరో "షేమ్" అన్నారు... నన్నో, చేతులెత్తినవాళ్ళనో.

ఆపలేదు. పేర్లన్నీ చదివాను, ఓటో దాకా. ఓటో పేరు ఎల్‌ఫ్రీడా నాతో కలిసి పలికింది.

చప్పట్లు లేవు. ఒక పెద్దావిడ వచ్చి ఎల్‌ఫ్రీడా పక్కన కూచుని, నోరు మెదపకుండా ఆవిడ ప్లేట్‌లో పై ముక్క పెట్టింది. మిగతావాళ్ళు నా చుట్టూ ఖాళీ వదిలి నడిచారు.

వస్తుంటే మూర్తిగారు, అరగంట తర్వాత: "రజియా అని ఒకమ్మాయి ఉండేది కదా, మీ ఇన్‌స్టిట్యూట్‌లో?"

"ఉండేది."



ఏప్రిల్ 27

కమిటీ ఈమెయిల్, రెండు వాక్యాలు. ప్రింటింగ్ ఆపారు. నా సేవలకు ధన్యవాదాలు.

ఈమెయిల్ డిలీట్ చేయలేదు. జవాబూ ఇవ్వలేదు.

ఏప్రిల్ 30

వంట చేస్తుంటే ఫోన్. వాల్టర్.

వెనక గాలి చప్పుడు. పొలంలో ఉన్నట్టున్నాడు. తర్వాత, "పంతులుకి పిల్లలున్నారా?"

"ఇద్దరు. ఆడపిల్లలు. వెనక పేజీల్లో ఉంది, క్రిస్మస్‌కి పాడారు."

"ఎటు వెళ్ళారు వాళ్ళు?"

"రాయలేదు."

 అప్పుడు అడిగాడు, తను బయటికి వెళ్ళాక నేను చదివిన మిగతాది వినాలని. శనివారం హాల్ తాళం తన దగ్గరే ఉంటుందట. మనిద్దరమే, ఎవరికీ తెలియనక్కర్లేదు అన్నాడు. ఆ గొంతు వింటే జాలేసింది. టైరు మార్చిన మనిషి. జాలేసినా సరే...

"రహస్యంగా చదవను వాల్టర్. తలుపులు బార్లా తీసి పెట్టండి. వచ్చేవాళ్ళు రానీ, రానివాళ్ళు మానేయనీ. అప్పుడు చదువుతాను."

"అది నా వల్ల కాదు, మేడమ్."

"శనివారం పదింటికి వస్తాను."

పెట్టేశాడు. వస్తానన్నది విన్నాడో లేదో తెలియదు. పోపు మాడిపోయింది.

మే 2, శనివారం

ఏడున్నర. కారులో పెట్రోలు ఉంది. కాగితాలు బ్యాగులో ఉన్నాయి. ఎల్‌ఫ్రీడా హాల్ మెట్ల మీద కుర్చీ వేసుక్కూచుంటానంది, తాళం తీసినా తీయకపోయినా.

బయల్దేరుతున్నాను.