కలిపి రాసిన అంకెలు

మార్చి 3, మంగళవారం

అమ్మాయి ఈ నోటుబుక్కు ఇచ్చింది. ముందు వైపు నుంచి కంప్యూటర్ వేడి ఎంతుందో రాయాలట. వెనక పేజీలు ఖాళీయే కదా, నా సోది ఇక్కడ రాసుకుంటున్నాను. ఐదో తరగతి చదువు. తప్పులుంటే చూసేదీ నేనే.

ఆ కంప్యూటర్‌కు పదేళ్లు. ఇంకా కట్టని ఇళ్లను అందులో కట్టి చూపిస్తుంది మా అమ్మాయి. తలుపు తీసుకుని లోపలికి నడిచినట్టే ఉంటుంది. బిల్డర్ కంపెనీ వాళ్లు ఒక ఇంటిది మూడు నిమిషాల సినిమా చేసిమ్మన్నారు. నచ్చితే ఉద్యోగం ఇస్తారు. పదమూడో తారీకు శుక్రవారం పొద్దున పదింటికి అందాలి. పది దాటితే ఫైల్ తెరవం అన్నారట. నలభై ఆరేళ్ల మనిషికి ఇంకో అవకాశం ఎవరిస్తారు.

బొమ్మ గీసే పని పదకొండో తారీకు పొద్దునకు గానీ అవదు. అక్కడి నుంచి కంప్యూటర్ దాన్ని సినిమాగా మార్చాలి. ఇప్పుడున్న స్పీడుకైతే శుక్రవారం మధ్యాహ్నం రెండు దాటుతుందట. అందుకని ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేస్తుందట. అంటే దాని స్పీడుకు మించి పరుగెత్తించడం. ముసలెద్దును పొడిచి తోలితే ఏమవుతుందో నాకు తెలుసు అన్నాను. ముందు దానికి స్నానం చేయిస్తానులే అమ్మా అంది.

మార్చి 4

డబ్బా పక్క రేకు విప్పింది. లోపల ఫ్యాన్ రెక్కల మీద పిల్లి బొచ్చంత దుమ్ము. అంతకుముందే తన పనంతా ఇంకో డిస్కులోకి కాపీ చేసి బీరువాలో పెట్టింది. ప్రాసెసర్ మీద వేడి లాగే పాత పేస్ట్ సున్నంలా ఎండిపోయి ఉంది. దాన్ని స్పిరిట్‌తో తుడిచి కొత్తది బఠాణీ గింజంత పెట్టింది. పెద్ద ఫ్యాన్ బిగించింది.

అంటుకుంటుందేమో అన్నాను. మరీ వేడెక్కితే అదే ఆగిపోతుంది గానీ అంటుకోదు అంది. ఆగిపోతే నీ పనేం గాను అన్నాను. కీడెంచి మేలెంచమన్నారు, నువ్వు కీడు దగ్గరే ఆగిపోతావు అంది.

మార్చి 5, పదకొండు గంటలు

కంప్యూటర్ అసలు స్పీడు ముప్పై నాలుగు. రోజుకు రెండు చొప్పున పెంచి, పెంచినప్పుడల్లా టెస్ట్ పెడుతుంది. టెస్ట్ అంటే దాని చేత రెండు గంటలు ఊపిరి ఆడనివ్వకుండా పని చేయించడం. వోల్టేజ్ జోలికి మాత్రం పోదట, చిప్పుల్ని చంపేది అదేనట. నేను పావుగంటకోసారి స్క్రీన్ మీద వేడి అంకె చూసి రాయాలి. ఎనభై లోపు పర్లేదు. ఎనభై అయిదు దాటితే ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టిన మీట నొక్కాలి.

నాకెందుకే ఇదంతా అంటే, చేతికి పనుంటే నోటికి పని తగ్గుతుంది అని కొలతలు తీసుకోవడానికి సైట్‌కు వెళ్లిపోయింది.

ముప్పై ఆరు పెట్టింది. వేడి 63, 64, 64. ఉన్నది ఉన్నట్టు రాశాను. రెండు గంటలూ బాత్రూముకు కూడా లేవలేదు.

మార్చి 6

ముప్పై ఎనిమిది. వేడి 67. ఫ్యాన్ మోత ఎక్కువైంది.

మార్చి 7, శనివారం

నలభై. ఆ మోతకు కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను. అంకె ఎంతుంది అంది. డెబ్బై అన్నాను. అయితే ఊఁ అని పెట్టేసింది.

ఈ ఇంట్లో ఉన్నది ఉన్నట్టు చెబితే ఊఁ అంటారు. నాలుగు కలిపి చెబితేనే తల తిప్పి చూస్తారు. మా ఆయనా అంతే, పోయాడు గానీ. కలపడం నాకు పుట్టుకతో రాలేదు. ఈ ఊఁ వినీ వినీ నేర్చుకున్నాను.

ముందు వైపు 79 అని రాశాను. నిజం 70.

మార్చి 9, సోమవారం

నలభై రెండు. ఇదే ఆఖరి మెట్టు. ఇది నిలబడితే సినిమా శుక్రవారం తెల్లవారేలోగా అయిపోతుందట. పొద్దున పాట పాడుకుంటూ వెళ్లింది. అది పాడగా విని ఎన్నేళ్లయిందో.

వేడి 74. నేను 88 రాశాను. రాశాక నా చేత్తో నేను రాసిన అంకె చూసి నాకే భయం వేసింది. ఎర్ర చుక్క నొక్కేశాను. ఫ్యాన్ ఆగింది. హాయి అనిపించింది.

అమ్మాయి వచ్చి పుస్తకం చూసి నిలబడిపోయింది. ఎండ ఈ గోడకే కొడుతోంది, అందుకేనేమో అంది. బల్ల ఇవతలికి లాగింది. నేను ఒక కొస పట్టుకున్నాను.

మార్చి 10

మళ్లీ నలభై రెండు. నిజం 75. రాసింది 87. నిన్న అంత రాసి ఇవాళ తక్కువ రాస్తే అనుమానం రాదూ. మళ్లీ మీట నొక్కాను.

అంత వేడి మీద రెండు రోజులు నడపలేనమ్మా, మధ్యలో చచ్చిందంటే మొదటికే మోసం అంది. ఎండ ముదిరితే ముప్పై ఎనిమిదైనా ఇలాగే ఎక్కుతుందేమో అని, మొదటి రోజు పేచీ లేకుండా నడిచిన ముప్పై ఆరుకు దింపింది. కాగితం మీద లెక్క వేసుకుంది. శుక్రవారం పదకొండు ఇరవై. గంటా ఇరవై నిమిషాలు ఆగలేరా, మనుషులే కదా అంది.

చెప్పేద్దామని నోరు తెరిచాను. దాహమా అని మంచినీళ్లిచ్చింది. తాగాను.

మార్చి 11

పొద్దున ఎనిమిదింటికి మొదలైంది.

మార్చి 12

ఒక రోజు గడిచినా సగం కాలేదు.

మార్చి 13, శుక్రవారం

పదింటికి తొంభై ఏడు శాతం. అమ్మాయి కంపెనీకి ఫోన్ చేసింది. అమ్మా బాబూ అని బతిమాలడం గోడ ఇవతలికి వినపడింది. అవతలి మనిషి, పది అంటే పదేనండీ, మిగతా వాళ్లు నిన్ననే ఇచ్చేశారు అన్నాడట.

పదకొండు ఇరవైకి సినిమా పూర్తయింది. అమ్మాయి లెక్క ఎప్పుడూ తప్పదు. ఇద్దరం కూర్చుని చూశాం. ఒక్కో తలుపే తెరుచుకుంటూ పోయింది. వంటగదిలో అరలన్నీ కిందికి ఉన్నాయి. ఎందుకింత కిందికి అన్నాను. నీ చెయ్యి పైకి లేవదు కదా, కొలతకు నిన్నే పెట్టుకున్నాను అంది.

మార్చి 14

కంప్యూటర్ తన వేడి తనే రాసుకుంటుందట. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు.

ఇవాళ అమ్మాయి ఆ ఫైల్ తెరిచి, పక్కన నా పుస్తకం పెట్టి, వేలుతో ఒక్కో వరుసా సరిచూసింది. 70కి 79. 74కి 88. 75కి 87. అరుస్తుందనుకున్నాను. నీ పుస్తకం ఉంది కదా అని ఇది తెరవలేదమ్మా అంది, అంతే.

తర్వాత ఆ ఫైల్ మూసి, నాన్న జ్వరం ఎంత అని అడిగింది.

నాకు అర్థమైంది. ఇరవై రెండేళ్ల కిందటి మాట. అమ్మాయి వేరే ఊళ్లో ఉద్యోగంలో చేరి మూడో రోజు. నాన్నకు నూట మూడు, కళ్లు తేలేస్తున్నాడు అని ఫోన్ చేశాను. సంచీ సర్దుకుని వచ్చేసింది. మళ్లీ వెళ్లలేదు. ఆయన ఆ తర్వాత తొమ్మిదేళ్లు బతికాడు.

నూట మూడు అన్నాను. చూస్తూనే ఉంది.

తొంభై తొమ్మిది అన్నాను.

నాలుగే కలిపావన్నమాట అంది. పుస్తకం తీసుకుని ముందు పేజీలు చింపేసింది. పిన్నుల పుస్తకం కదా, వాటితోపాటు వెనక పేజీలూ వదులయ్యాయి. సూదీ దారం పెట్టి కుట్టుకున్నాను.

మార్చి 16

నలభై రెండుకు పెంచి రాత్రీ పగలూ నడిపిస్తోంది. పనేం లేదు. టెస్టే. వేడి 74 దాటడం లేదు. నేను గదిలోకి వెళ్లినప్పుడల్లా అంకె నాకు కనబడేలా స్క్రీన్ తిప్పుతుంది. చూడు, ఎంత బాగా పరుగెత్తుతోందో అంటుంది.

మంట భయంతోనే రాశానని చెప్పుకుంటూ వచ్చాను. ఇక్కడ కూడా. ఉద్యోగం వస్తే ఇది పొద్దున పోయి రాత్రికొస్తుంది, ఇంట్లో నా మాటకు ఊఁ కొట్టే మనిషైనా ఉండదు అని కూడా అనుకున్నాను. అదీ రాస్తున్నాను.

మార్చి 19

ఒళ్లు కాలుతోంది. థర్మామీటర్ పెట్టుకుంటే నూట రెండు. చూపిద్దామని అమ్మాయి గది దాకా నడిచేలోగా అందులో అంకె ఆరిపోయింది. నూట రెండే అన్నాను.

నాలుగు తీసేస్తే తొంభై ఎనిమిది, బాగానే ఉన్నావమ్మా అంది. తల తిప్పలేదు.

మార్చి 20

102.6

కలపలేదు.