రెండు కాడిలాక్‌లు, ఒక పెళ్ళికూతురు

టూంగాబీ

బావమరిది భానుప్రసాద్‌కి, బావ శ్రీపతి దీవెనలు.

మన కార్ల గోల పడలేక మీ అక్క లీల మనిద్దరిచేతా ఒట్టు వేయించింది కదా, పెళ్ళయ్యేదాకా కారు మాట నోటితో ఎత్తకూడదని. ఉత్తరం చేత్తో రాసేది కాబట్టి తప్పులేదు.

మా అమ్మాయి రుచిత పెళ్ళి హాలుకి నా కాడిలాక్‌లోనే వస్తుంది. 1971 ఎల్డొరాడో, ఎనిమిది సిలిండర్లు. టాపు దించితే పెళ్ళికూతుర్ని వీధంతా చూస్తుంది. నీ కరెంటు కాడిలాక్‌కి మా ఫ్రిజ్ చేసేపాటి చప్పుడు కూడా లేదు.

మీ బావ

తా.క. ఎడమవైపు స్టీరింగని వెక్కిరించకు. డ్రైవ్-త్రూలో కిటికీ తనవైపే పడుతుంది కాబట్టి, డబ్బు కట్టేది ఎప్పుడూ మీ అక్కే.

వెర్రిబీ

బావగారికి నమస్కారాలు.

పెళ్ళికూతుర్ని బుట్టలో మండపానికి మోసేది మేనమామ. బుట్ట నాదైనప్పుడు కారూ నాదే. మెల్‌బోర్న్ నుంచి తొమ్మిది వందల కిలోమీటర్లు నడుపుకుంటూ వస్తున్నాను. నాలుగు సెకన్లలో వంద దాటుతుంది, సీటే నడుముకి మసాజ్ చేస్తుంది. మీ కారులో టాపు దించితే పిల్ల జడ ఒక సబర్బ్‌లో, పూలు ఇంకో సబర్బ్‌లో తేలతాయి.

భాను

తా.క. చార్జింగ్ దగ్గర కూర్చోలేనని పింకీ విమానం టికెట్ కొనుక్కుంది. భార్యని వదులుకున్నానుగాని కారుని వదలను.

టూంగాబీ

భానూ,

నువ్వు దారిలో ప్లగ్గు వెతుక్కుంటూ ఉండగా ముహూర్తం దాటిపోతుంది. నా కారే. అంతే.

బావ

తా.క. కారు దండకి కూడా కొలత ఇచ్చేశాను. నీ బండికి ముక్కే లేదు, దండ ఎక్కడ వేస్తావు?

వెర్రిబీ

బావగారికి,

ఓడిపోయి రాయడంలేదు. నేను ఈ దేశంలో దిగిన రోజు మీరు నన్ను ఆ ఎల్డొరాడోలోనే ఇంటికి తెచ్చారు. నాకు కన్నీళ్ళు ఆగకపోతే, గాలికిలే అన్నారు. పిల్ల అందులోనే రావాలి. దారిలో రాత్రికి ఆగి, తిన్నగా హాలుకొచ్చి బుట్టతో నిలబడతాను. కాదంటే బుట్ట మోయను.

భాను

తా.క. జవాబు రాయకండి. రేపే బయల్దేరుతున్నాను.

టూంగాబీ

భానూ,

మేనకోడలి కోసం అంత దూరం నడుపుకుంటూ వచ్చేవాడితో నాకు పంతమేమిటి? సిగ్గేసింది. పిల్లని నీ కారులోనే తీసుకురా. నేను మగపెళ్ళివారి ఎదురుకోలుకి ముందే హాలుకి వెళ్తాను. మారు మాట్లాడావంటే ఊరుకోను.

బావ

తా.క. ఎక్స్‌ప్రెస్ పోస్టులో వేస్తున్నాను. నువ్వు బయల్దేరేలోగా అందుతుంది.

టూంగాబీ

మా ఆయనకీ, మా తమ్ముడికీ,

ఇద్దరికీ ఒకటే ఉత్తరం. ఒకటి ఫ్రిజ్ మీద అంటిస్తున్నాను, ఒకటి వెర్రిబీకి పంపిస్తున్నాను. నీ కారంటే నీ కారని మీరు రాసుకున్న చివరి ఉత్తరాలు రెండూ పెళ్ళయ్యాక అందాయి.

దండలు వేసుకుని రెండు కాడిలాక్‌లూ హాలు ముందు పక్కపక్కనే నిలబడ్డాయి. ఇంటి గుమ్మంలో నేనూ పెళ్ళికూతురూ నిలబడ్డాం. కారు మాటెత్తితే ఒట్టు తప్పుతుందని ఒకరినొకరు “పిల్లేదీ?” అని అడగడానికి మీకు పావుగంట పట్టిందట! నాకు ఏడుపొచ్చింది. చివరికి రుచితే బాసికం సవరించుకుని, నా ముసలి హ్యాచ్‌బ్యాక్ కారు తాళాలు లాక్కుని నడిపింది. ముహూర్తం దక్కింది.

ఒట్టు తీరింది. ఇక ఫోనులో పోట్లాడుకోండి.

లీల

తా.క. రెండింట్లో ఏది గొప్ప కారని కొత్త అల్లుడు అడిగాడు. మీ రుచిత ఏమందో తెలుసా? “ద వన్ దట్ టర్న్స్ అప్.” వచ్చిన కారే గొప్పదట.