బోదెలో పడ్డ బంతి

ఆదివారం రాత్రి

ఇవాళ కూడా గెలిచాం! ఏళ్ళ తరబడి రెండో డివిజన్ అడుగున పడి ఉన్న మా ఊరి ఫుట్‌బాల్ టీము ఈ వేసవంతా ఒక్క ఆటా ఓడలేదు. రాస్తుంటేనే నవ్వొస్తోంది.

గుడివాడ వాళ్ళతో ఆట, ఎప్పటిలాగే ఎండిపోయిన మా చేలోనే. సెకండాఫ్‌లో బంతి గట్టు దాటి, ఇన్నాళ్ళూ ఎండిపోయి ఉన్న పంటబోదెలో పడింది. తీసి విసిరితే నీళ్ళు కారుతున్నాయి.

"కాలవ నీళ్ళొచ్చేశాయిరోయ్!" అని సుబ్బారావు మావయ్య అరిచాడు. చూసేవాళ్ళంతా ఆట వదిలేసి బోదె దగ్గరికి పరుగెత్తారు. సరిగ్గా అప్పుడే మా శీను గోలు కొట్టాడు. చూసింది నేనూ, రిఫరీయే. వాళ్ళ గోల్‌కీపర్ కూడా రైతే పాపం, బోదె వైపే చూస్తున్నాడు!

ఆ నీళ్ళ కోసం నేనూ అందరితోపాటు ఆఫీసర్లని తిట్టినవాణ్ణే. తీరా వచ్చాక దిగులు పట్టుకుంది. వచ్చే ఆదివారం ఇక్కడే ఆఖరి ఆట. గెలిస్తే మొదటి డివిజన్. ఈలోగా చేను తడిస్తే ఆడేదెక్కడ? తడపకపోతే నాట్లకి దమ్ము చెయ్యడం వెనకబడుతుంది, ఊరంతా నవ్వుతుంది.

వేసవంతా "చేలో ఆ గెంతులేంటండీ" అని సణిగిన మా ఆవిడ అన్నం పెట్టింది. తింటూ నేనే నసిగాను.

"ఒక్క వారం ఆగుదామా?"

"చేలోకి నీళ్ళు రాకుండా మన తూముకి సాయంత్రమే గోనెసంచి కుక్కొచ్చానండీ," అంది. "తూర్పు గోలు దగ్గర గట్టు ఊరుతోంది. పొద్దున్నే లేచి మట్టెయ్యండి."