ఘాటెక్కిన పంచదార మాత్రలు

నాన్నా,

హోమియో డాక్టర్లు కూడా సర్కారు ఆసుపత్రిలో వైద్యం చెయ్యొచ్చని రూలు మారింది. ఇవాళ మన ప్రత్తిపాడు ఆసుపత్రిలో డాక్టరు కుర్చీలో కూర్చున్నది నీ కూతురే! హోమియో మాత్రలిచ్చే నిన్ను జీవితమంతా 'పంచదార డాక్టరు' అని ఏడిపించిన ఊరే బయట వరస కట్టింది.

మొదట కోటమ్మత్త, మిరపకోత నుంచి నేరుగా వచ్చింది. మాత్రలు చేత్తో ముట్టుకోవద్దు, సీసా మూతలో పోసుకోమని నీలాగే చెప్పాను. వింటేగా! అరచేతిలో పోసుకుని నోట్లో వేసుకుంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"అమ్మో, ఏం మంటే తల్లీ! మీ నాన్న ఇచ్చినవన్నీ తీపి మాత్రలు. మందంటే ఇదీ!" అని బయటికెళ్లి అందరికీ చాటింది.

వరస ఇంకా పెరిగింది. అది నీ మందేననీ, మంట చేతికంటిన మిరప ఘాటనీ చెప్పబోయి మానేశాను. నువ్వుంటే చెప్పనిచ్చేవాడివా, నాన్నా?