మేడ దిగని కుడికాలు

చిరంజీవి కాళ్ల డాక్టరమ్మకు,

దర్జీ బాబాయి దీవెనలు. ఫోన్లో అయితే కసురుతావని ఉత్తరం రాస్తున్నాను. కొట్టు కట్టేసి మేడెక్కుతుంటే చివరి మెట్టు మీద కుడికాలు మడతపడింది. 'టక్'మన్న ఆ చప్పుడు ఇంకా చెవిలోనే ఉంది. ఎముక విరగలేదు, బెణుకేనన్నారు. వాపు తగ్గింది. కానీ మెట్ల వంక చూస్తే చాలు, గుండె జారిపోతోంది. కుట్టుమిషను కింద, నేను పైన. బట్టలిచ్చినవాళ్లు వీధిలోంచి కేకేసి పోతున్నారు. ఇలాగే ఉంటే కొట్టు మూతే. కాలు గట్టిపడే వ్యాయామాలేవో రాసి పంపు.

వణుకుతూ,
మీ బాబాయి

తా.క.: నొప్పి పుట్టనివే రాయి.

*

బాబాయికి నమస్కారాలు.

బెణికిన చీలమండకి ధైర్యం పోతుంది, అంతే. కుర్చీలో కూచుని బొటనవేలితో గాల్లో అక్షరాలు రాయి. నేలమీద తువ్వాలు పరిచి కాలివేళ్లతో దగ్గరికి లాక్కో. ఈ ఉత్తరంతో పంపుతున్న రబ్బరు పట్టీని పాదానికి తగిలించి, పాదాన్ని బయటికీ లోపలికీ నెమ్మదిగా లాగు. అవి తేలికయ్యాక గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడు. ఎలా ఉందో రాస్తే తర్వాతది చెబుతాను.

నీ అన్న కూతురు

తా.క.: పట్టీ కాలికి. ఎవరి ప్యాంటు నడుముకీ కాదు. నీ సంగతి నాకు తెలుసు.

*

అమ్మాయీ,

కాలు అక్షరాలన్నీ గడగడా రాసేసింది! తువ్వాలు ఇట్టే లాగేసింది. కుక్కరు కూత పెట్టేదాకా ఒంటికాలి మీద కదలకుండా నిలబడింది. చీలమండ పక్కన మాత్రం కొంచెం లాగినట్టుందట. ప్రమాదమా? నాకు చెమటలు పడుతున్నాయి.

గాభరాగా,
మీ బాబాయి

తా.క.: ఇంకో మూర పట్టీ పంపగలవా? ఎందుకని అడక్కు.

*

బాబాయ్,

కొంచెం లాగడం మామూలే. కానీ ఇంత తొందరగా ఒంటికాలా? ఇప్పుడు నాకూ భయంగా ఉంది. అయినా నువ్వు వంటగదిలోకి ఎప్పటినుంచి వెళ్తున్నావు? గోడ పట్టుకుని రెండు మడమలూ ఎత్తి దించు, చాలు. కళ్లు మూసుకుని నిలబడేది మాత్రం ఇప్పుడే వద్దు.

నీ అన్న కూతురు

తా.క.: 'లాగినట్టుందట' ఏమిటి? నీ కాలు నీతో మాట్లాడటం లేదా?

*

అమ్మాయీ,

నువ్వు వద్దన్నది కూడా అయిపోయింది. కళ్లు మూసుకుని నిలబడింది! పైగా నిన్న మెట్లు దిగి, బజారుకెళ్లి, రెండు సంచులు మోసుకుని తిరిగొచ్చింది. ఎక్కడ పడుతుందోనని నేను కిటికీలోంచి బిక్కుబిక్కుమంటూ చూశాను.

మీ బాబాయి

తా.క.: నేను మాత్రం మేడ దిగలేదు.

*

బాబాయ్!

కాలు బజారుకెళ్తే నువ్వు కిటికీలో ఉన్నావా? పడినప్పుడు తలకి దెబ్బ తగిలిందా? దాచకు. నాకు చేతులాడటం లేదు. ఆదివారం బండెక్కుతున్నాను. వెంటనే పిన్నితో రాయించు.

నీ అన్న కూతురు

తా.క.: ఈ ఉత్తరం నువ్వు చదవకు. పిన్నికివ్వు.

*

బంగారుతల్లికి పిన్ని రాస్తున్నది.

కంగారుపడి రాకు. మీ బాబాయి తలకేమీ కాలేదు. కొత్త రకం కోటు కుట్టాలంటే ఆయన ఖరీదైన గుడ్డ మీద ముందు కత్తెర పెట్టరు. పాత దుప్పటి మీద కత్తిరించి చూసుకుంటారు. నీ వ్యాయామాలకీ అదే పద్ధతి. ఆ పాత దుప్పటి నేనే. ఇన్నాళ్లూ నువ్వు చదివిన కాలు నాది. ఆయన కాలికి ఇంకా కత్తెరే పడలేదు.

నీ భయం చదివి ఒళ్లు మండి, కిందకి దిగి మిషను తొక్కడం మొదలుపెట్టాను. చప్పుడు విని పైనుంచి "ఏం కుడుతున్నావే?" అన్నారు. "లాయరుగారి నల్లకోటు, తెల్లదారంతో" అన్నాను. తలెత్తేసరికి మనిషి నా పక్కన నిలబడి కోటు లాక్కుంటున్నారు!

ఎక్కడున్నారో అప్పుడు చూసుకున్నారు. ముఖం పాలిపోయింది. నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నాకూ ఏడుపొచ్చింది. తర్వాత స్టూలు మీద కూచుని, చెప్పు విడిచి, గాల్లో మొదటి అక్షరం రాశారు. సొంత కాలితో.

నీ రబ్బరు పట్టీ, ఆయన మేడ మీదే చేత్తో కుట్టిన లాయరుగారి ప్యాంటు నడుములో ఉంది. ఇంకోటి పంపు, ఈసారి నా పేరు మీద.

ప్రేమతో,
పిన్ని

తా.క.: ఇప్పుడు మేడ ఎక్కడానికి భయమట. పడింది ఎక్కుతుంటేనే కదా. ముందు నన్ను ఎక్కి చూపించమంటున్నారు.