పసుపు తెర వెనక తొట్టి

చిరంజీవి పెద్దబ్బాయికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నాన్న క్షేమం, ఇల్లు క్షేమం, నా మోచేతులు కూడా క్షేమం. నా మనసొక్కటే బాగాలేదు. అక్కడ నువ్వూ కోడలూ ఎలా ఉన్నారో రెండు ముక్కల్లో తేల్చేశావు. మిగతా ఉత్తరమంతా నీళ్ళే.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు రాస్తాను, లేకపోతే మళ్ళీ అవే అడుగుతావు. ఆయింట్‌మెంట్ మానలేదు. పొగలు కక్కే నీళ్ళు పోసుకోవడం మానేశాను. మరీ వేడి నీళ్ళకు చర్మం మీది నూనె పొర కరిగిపోతుందనీ, అప్పుడు మూత తీసిన గిన్నెలో నీళ్ళలా లోపలి తడి ఆరిపోతుందనీ నువ్వు చెప్పింది గుర్తుంది. తువ్వాలుతో రుద్దుకోవడం లేదు, అద్దుకుంటున్నాను. ఒళ్ళు చెమ్మగా ఉండగానే క్రీము పూసుకుంటున్నాను. పొలుసులు గిల్లుతున్నావా అని అడిగావు. ఒక్కోసారి చెయ్యి ఊరుకోదు. అది కూడా రాసుకో.

ఇక అసలు సంగతి. మీ స్నానాల చికిత్స పరిశోధనలో నేను దిగిన తొట్టిలోవి భూమిలోంచి ఉబికే వేడి ఊట నీళ్ళు కావనీ, కుళాయి నీళ్ళే కాచి పోశారనీ రాశావు. నాన్న దాన్ని వరండాలో కూర్చుని పైకి చదివారు. పక్కింటివాళ్ళు విన్నారు. ఆ రోజు నుంచి బకెట్టు నిండితే చాలు, "రావోయ్, నీ వైద్యశాల సిద్ధం" అని నాన్న కేకేస్తున్నారు. వీధిలో కనబడ్డ ప్రతివాళ్ళకూ మోచేతులు చూపించి ఊట నీళ్ళ గొప్ప చెప్పుకొచ్చినదాన్ని, ఇప్పుడు చేతులు కప్పుకొని తిరుగుతున్నాను. తల కొట్టేసినట్టుంది.

పైగా నాకు సైన్సు పాఠం ఒకటి. ఊట నీళ్ళలో గంధకం ఉంటుందట, అది ఎండిన పొలుసుల్ని మెత్తబరిచి వదిలిస్తుందట. అయితే గుణం ఇచ్చింది గంధకమో, వెచ్చదనమో, ఇంటిపని తప్పిన విశ్రాంతో తేలాలంటే పోల్చి చూడాలట. అందుకే చీటీలు తీసి సగం మందిని మామూలు నీళ్ళలో కూర్చోబెట్టారట. ఎవరివి ఏ నీళ్ళో నీకు కూడా తెలియకుండా ఆ చీటీలు పెద్ద డాక్టరమ్మ బీరువాలో పెట్టి తాళం వేసిందట, స్నానాలన్నీ అయ్యాకే తీసిందట. రెండు తొట్లకూ ఒకే వాసన, ఒకే మబ్బు రంగు రావడానికి ఎన్ని తంటాలు పడ్డావో కూడా రాశావు. బాగుంది నాయనా. ఇన్ని జాగ్రత్తలు పడ్డవాడివి, బట్టలు మార్చుకునే గదిలో ఆడవాళ్ళు ఏం మాట్లాడుకుంటారో ఒక్కసారైనా ఆలోచించావా?

నాకు ఒళ్ళు మండింది కుళాయి నీళ్ళకు కాదు. ఉత్తరం చివర, పోనీలే అన్నట్టు ఒక్క వాక్యం తగిలించావు చూడు, దానికి. నాతో ఒకే గదిలో ఉండి స్నానాలు చేసిన టైలరమ్మకు ఊట నీళ్ళు పడలేదనీ, అందుకని వచ్చే విడత చికిత్సకు ఆమెను పిలవడం లేదనీ. ఎంత తేలిగ్గా రాశావురా.

నీకు ఆమె అంటే కాగితం మీద రెండు అరచేతులు. నాకు ఆమె మా వెనక వీధిలో దుకాణం. ఆ అరచేతులు బీటలు వారి, పట్టుగుడ్డ ముట్టుకుంటే పోగులు లేచి చేతికి తగులుకుంటాయి. అందుకని పట్టు పని ఇవ్వడం అందరూ మానేశారు. అంచులు మడిచే పనీ గుండీల పనీ మిగిలాయి. ఇప్పుడు సూది పట్టుకుంటే నెత్తురొస్తోంది, అవీ పోయేలా ఉన్నాయి. ఆ చేతులు తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు.

ఎంతసేపు నాన్చినా రాయక తప్పదు కాబట్టి రాసేస్తున్నాను. అక్కడికి వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట, కొడుకు తల్లికి అసలు నీళ్ళే పెట్టిస్తాడని. నీకే తెలియదని ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు. నిజం చెప్పనా, నేనూ నమ్మలేదు. నాది పసుపు తెర వెనక తొట్టి కాబట్టి అందులోవే అసలు నీళ్ళని లోలోపల మురిసిపోయాను. మొదటి రోజు, ఇంకా తొట్టిలో దిగకముందే, ఆమె తన చేతులు చూసుకుంటూ, "మీకేమండీ, కన్నకొడుకున్నాడు. నాకు ఆకుపచ్చ తెర రాసిపెట్టుంది" అంది. నాకు మనసు ఆగలేదు. ఏ తెర వెనక్కి వెళ్ళాలో గుర్తుగా నా మణికట్టుకు కట్టిన పసుపు బిళ్ళ విప్పి ఆమెకు కట్టాను, ఆమె ఆకుపచ్చ బిళ్ళ నేను కట్టుకున్నాను. మీ అబ్బాయికి తెలిస్తే ఎలా అని భయపడింది. వాడు నీళ్ళను చూస్తాడు గానీ మనుషుల్ని చూడడని ధైర్యం చెప్పాను. చర్మం చూసే నర్సు దగ్గరికి వెళ్ళేటప్పుడు మళ్ళీ ఎవరి బిళ్ళ వాళ్ళం కట్టుకునేవాళ్ళం. చివరి రోజు దాకా ఇదే తంతు. వీధిలో ఊట నీళ్ళ గొప్ప చెప్పుకొచ్చింది కూడా ఈ గుట్టు బయటపడకూడదనే.

పెద్ద త్యాగం చేశానని ఎంత పొంగిపోయానో. తీరా చేసిందేమిటి? ఆమె నోటి దగ్గరి కూడు లాక్కోవడం. ఊట నీళ్ళలో కూర్చున్నది నేను. కుళాయి నీళ్ళలో కూర్చుని, ఊట నీళ్ళు పడని మనిషిగా మీ కాగితాల్లోకి ఎక్కింది ఆమె.

నాకు తగ్గింది గంధకం వల్లేనని నేను వాదించను. ఇద్దరాడవాళ్ళు తొట్లు మార్చుకున్నంత మాత్రాన ఏదీ రుజువు కాదని నువ్వంటావు. నీ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరు చేశానని నాకు తెలుసు. పెద్ద డాక్టరమ్మ ముందు నీకు తలవంపులు. మాలాగే ఇంకెవరెవరు మార్చుకున్నారో కూడా అడిగి తెలుసుకో. మా ఇద్దరినీ లెక్కలోంచి తీసేస్తావో, మొత్తం మళ్ళీ మొదలుపెడతావో నీ ఇష్టం. మా అమ్మ చేసిన నిర్వాకం అని రాసుకో, కింద సంతకం పెడతాను. ఆమెకు ఊట నీళ్ళు పడలేదని మాత్రం రాయకు. ఆమె వాటిలో ఇంకా దిగనేలేదు.

నీ ఉత్తరం చదివాక నాకు తిండి సయించలేదు. నిన్న దుకాణానికి వెళ్ళి ఆమెకు అంతా చెప్పేశాను. మిషను ఆపి వింది. "మీరు అడక్కుండానే ఇచ్చారు. నేను వద్దనకుండా తీసుకున్నాను. ఇప్పుడు ఎవర్ని తిట్టను?" అంది. తిట్టినా బాగుండేది.

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. వేస్తే చదివి, సొరుగులో పడేసి, ఎలా చెప్పాలా అని రోజుల తరబడి ఆలోచిస్తూ కూర్చుంటావు. నిన్ను కన్నది నేను, నీ సంగతి నాకు తెలియదా. అందుకే ఆమెకే ఇచ్చి పంపుతున్నాను. ఇందులో ఏముందో ఆమెకు తెలుసు. నువ్వు ఇది చదువుతున్నంతసేపూ నీ గది గుమ్మంలో నిలబడే ఉంటుంది, కూర్చోమంటే తప్ప కూర్చోదు. ముందు కుర్చీ వెయ్యి. తర్వాత ఆమె చేతులు చూడు. ఈసారి ఏ తెర వెనక్కి వెళ్ళాలో చీటీ తీయకుండా నువ్వే చెప్పు.

ఇట్లు,
నీ లెక్క చెడగొట్టిన
అమ్మ