నాన్న జడలో దాచిన మాటలు

చిట్టీ,

పాలు కాచి మూత పెట్టాను. తాగాక ఇది చదువు. నేను పరీక్ష పేపర్లు దిద్ది ఆరింటికి వస్తాను.

నాన్న పోయాక బ్యాంకువాళ్లు కాగితాలు చూసి, నామినీగా నా పేరు ఉందని మూడు వారాల్లో డబ్బు ఇచ్చేశారు. నీ నర్సింగ్ చదువుకని ఆయన క్రిప్టోలో, అదే ఆ ఆన్‌లైన్ నాణేల్లో, దాచింది మాత్రం అలాగే ఉండిపోయింది. అక్కడ అడగడానికి కౌంటరూ లేదు, మేనేజరూ లేడు. పన్నెండు ఇంగ్లిషు మాటలు వరసగా ఇస్తేనే తెరుచుకుంటుందట. ఇల్లంతా వెతికాను. ఆయన ఎక్కడా రాసిపెట్టలేదు. నాకు చెప్పనూ లేదు. ఆ మాట నన్ను గుచ్చుతూనే ఉంది.

ఇవాళ పొద్దున నువ్వు జడ అల్లుకుంటూ ఏవో గొణుక్కుంటుంటే తలుపు దగ్గర నిలబడి లెక్కపెట్టాను. పన్నెండు. నాన్న నీకు జడ వేస్తూ పాయకొక మాట చెప్పించేవారు, గుర్తుందా? ఏమిటవి అని నేను అడిగితే నీవైపు తిరిగి, “మీ టీచరమ్మకి చెబితే బోర్డు మీద రాసేస్తుందే!” అని నవ్వేవారు. పొద్దున అక్కడే నిన్ను అడిగి ఉండాల్సింది. వంటింట్లోకి వెళ్లి పాలు పొయ్యి మీద పెట్టాను.

ఆ మాటలు వరస తప్పకుండా కాగితం మీద రాసి నా సుద్దముక్కల డబ్బాలో పెట్టు. ఫోన్‌లో కొట్టకు. బాబాయి అడిగినా చెప్పకు. ఆ క్రిప్టో రేటు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఎంత వచ్చినా తీసి నీ పేరున బ్యాంకులో వేద్దాం.

అమ్మ

ఒక మాట తట్టకపోతే కంగారుపడకు. ఆయనంత బాగా నాకు రాదు కానీ, వచ్చాక నేను జడ వేస్తాను.